ఊరి పోలీసుకు అణువుతో పనేమిటి?



మాది కినత్తుకడవు. కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి పోయే దారిలో, పొన్మలై గుట్టమీద వేలాయుధస్వామి గుడి కనిపించే ఊరు. తెల్లవారుజామునే సంత టమాటా బుట్టలతో నిండిపోతుంది. పొద్దెక్కేలోగా లారీలు కేరళ వైపు సాగిపోతాయి. మా ఇళ్ళల్లో తెలుగు, అంగట్లో తమిళం. తరాలుగా ఇలాగే గడుస్తోంది. మా ఊళ్ళో అణు విద్యుత్ కేంద్రం లేదు, మా జిల్లాలోనూ లేదు. కూడంకుళం తిరునల్వేలి జిల్లా చివర, సముద్రపు ఒడ్డున ఉంది. కల్పాక్కం చెన్నైకి దక్షిణాన ఉంది. రెండూ మాకు దూరాభారమే. మరి అణుకేంద్రాల భద్రత గురించి, అందులో పోలీసుల పని గురించి కినత్తుకడవు మనిషికి ఏం పట్టిందని మీకు అనిపించవచ్చు.

అణుపదార్థం కంచె లోపలే ఉండిపోదు. ఆస్పత్రికి వస్తుంది, ఫౌండ్రీకి వస్తుంది, జీపెక్కి రోడ్డుమీద పోతుంది. కాలం చెల్లాక పట్టించుకునే నాథుడు లేకపోతే పాత ఇనుములోనూ కలిసిపోతుంది. ఇక అణుపదార్థం పేరు చెప్పి జనాన్ని ముంచే మోసమైతే ఊరూరా తిరుగుతోంది. వీటిలో ఏది బయటపడినా మొదట కబురందేది శాస్త్రవేత్తకు కాదు, దగ్గరి పోలీసు స్టేషనులో రాత్రి డ్యూటీలో ఉన్న కానిస్టేబులుకు. ఆయనకు ఏం తెలుసు, ఎవరితో పరిచయం ఉంది, ఎవరికి ఫోన్ చెయ్యగలడు అన్నదానిమీదే మన భద్రత చాలావరకు ఆధారపడి ఉందని నా నమ్మకం. ఆ సంగతే ఈ రోజు మీతో పంచుకుంటాను.

ముందు ఆ మోసం సంగతి. తెలుగు జిల్లాల్లో దాన్ని రైస్ పుల్లింగ్ అంటారు, తమిళనాడులో ఇరిడియం మోసం అంటారు. కథ ఒకటే. ఎక్కడో పాత గుళ్ళోనో, పాడుబడ్డ బంగళాలోనో ఒక రాగి చెంబు ఉంది. దానిమీద పిడుగు పడింది. అప్పట్నుంచి దానికి శక్తి వచ్చింది. బియ్యపు గింజల్ని తనవైపు లాక్కుంటుంది. నాసా వాళ్ళు, ఇస్రో వాళ్ళు, భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు కోట్లు గుమ్మరించి కొంటారు. కాకపోతే ముందు పరీక్ష చేయించాలి. పరీక్షకు శాస్త్రవేత్త రావాలి. ఆయనకు రేడియేషన్ సోకని దుస్తులు కావాలి. ఆ దుస్తులకు డబ్బు మీరే కట్టాలి. ఇలా ఒకదాని వెనక ఒకటి. గింజలు కదిలేది చెంబులో దాచిన అయస్కాంతం వల్ల, బియ్యానికి పట్టించిన ఇనప రజను వల్ల. 2018 మే నెలలో ఢిల్లీ పోలీసులు ఇలాంటి కేసులో ఒక తండ్రినీ కొడుకునూ అరెస్టు చేశారు. ఒక బట్టల వ్యాపారి దగ్గర కోటీ 43 లక్షల రూపాయలు గుంజారన్నది అభియోగం. విలేఖరుల ముందు పెట్టిన ఆ వెండిరంగు రేడియేషన్ సూట్లు అప్పట్లో పత్రికల్లో వచ్చాయి.

ఇరిడియం అనే లోహం నిజంగానే ఉంది. ప్లాటినం జాతిది, ఖరీదైనది. మామూలు ఇరిడియంలో రేడియేషన్ ఉండదు. దాన్ని అణు రియాక్టరులో పెట్టి, న్యూట్రాన్ల తాకిడికి గురిచేస్తే ఇరిడియం-192 తయారవుతుంది. అది గామా కిరణాలు వెదజల్లుతుంది. 74 రోజులకు దాని తీవ్రత సగానికి పడిపోతుంది. పిడుగు పడిన చెంబుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

అయినా ఈ మోసాన్ని ఆశపోతుల వ్యవహారంగా నేను తీసిపారెయ్యలేను. 2021 మే నెలలో మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళం (ఏ.టి.ఎస్.) పోలీసులు ఇద్దరు మనుషుల దగ్గర 7 కిలోలకు పైగా యురేనియం పట్టుకున్నారు. భాభా కేంద్రం పరీక్షించి, అది సహజ యురేనియమేనని తేల్చింది. కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్.ఐ.ఎ. చేతికి వెళ్ళింది. సహజ యురేనియాన్ని ఉన్నదున్నట్టుగా పెట్టుకుని ఎవరూ బాంబు చెయ్యలేరు. కానీ అనుమతి లేనివాళ్ళ చేతుల్లో అది ఉండకూడదని చట్టం చెబుతోంది. ఆ తర్వాత కొద్ది వారాలకే జార్ఖండ్‌లోని బొకారో పోలీసులు ఇంకొక ముఠాను పట్టుకున్నారు, అదీ యురేనియమేనన్నారు. అణుశక్తి శాఖ ప్రయోగశాల చూస్తే అది యురేనియం కాదు, అందులో రేడియేషనూ లేదు. ఒకటి నిజం, ఒకటి ఉత్తది. పట్టుబడిన పూట స్టేషను బల్లమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. రోజూ చెంబు కేసులు చూసి చూసి విసిగిన అధికారి, ఒకనాడు నిజమైన సరుకు ఎదురైనా ఇదీ అలాంటిదేలే అని బీరువాలో పడేస్తే? లేదా ఉత్త రాయిని చూసి హడలిపోయి ఊరంతా ఖాళీ చేయిస్తే? రెండూ ప్రమాదాలే. ఎంత దూరంలో నిలబడాలి, సంచి విప్పాలా వద్దా, ఎవరిని పిలవాలి అన్నది ఆయనకు ముందే తెలిసి ఉండాలి.

నిజమైన ఇరిడియం-192 మా దారిలోనే ఉంది. కోయంబత్తూరు పంపులకు, మోటార్లకు, పోత పనికి పేరుపడ్డ ఊరు. జి.డి. నాయుడు గారిలాంటి మన తెలుగువాళ్ళు ఆ పేరు తెచ్చినవాళ్ళలో ముందువరుసలో ఉన్నారు. కినత్తుకడవు నుంచి నగరానికి పోతుంటే ఒత్తక్కాల్ మండపం, మలుమిచ్చంపట్టి, ఈచనారి దాటేదాకా రోడ్డుకు అటూ ఇటూ వర్క్‌షాపులే. నేను ఫౌండ్రీలో క్వాలిటీ విభాగంలో పనిచేశాను కాబట్టి ఈ వస్తువును దగ్గరగా చూశాను.

పెద్ద వాల్వు పోత పోశాక లోపల గాలి బుడగ మిగిలిందా, పగులు దాగి ఉందా అన్నది పైకి కనిపించదు. దాన్ని కనిపెట్టడానికి గామా రేడియోగ్రఫీ చేస్తారు. షిఫ్టు దిగి జనం వెళ్ళిపోయాక రాత్రిపూట మొదలవుతుంది పని. చుట్టూ తాడు కడతారు, మూడు రెక్కల రేడియేషన్ గుర్తున్న బోర్డులు తగిలిస్తారు. తెచ్చే పెట్టెను కెమెరా అంటారు. చేతి పిడి ఉన్న చిన్న పెట్టె, కానీ లోపల బరువైన లోహ కవచం ఉండడంతో ఎత్తితే భుజం లాగేస్తుంది. దానికి ఒక పక్క పొడవాటి కేబులు, కేబులు చివర చేత్తో తిప్పే మర. పోతకు వెనకవైపు ఫిల్ము అంటించి, అందరూ దూరం జరిగాక ఆపరేటరు ఆ మర తిప్పుతాడు. పెన్సిలు మొనంత ఇరిడియం సోర్సు పెట్టెలోంచి కదిలి, గొట్టం గుండా పోత దగ్గరికి చేరుతుంది. లెక్క ప్రకారం సమయం అయ్యాక మళ్ళీ వెనక్కి తిప్పుతాడు. అసలు జాగ్రత్త ఆ తర్వాత ఉంది. సర్వే మీటరు ముందుకు చాచి, ముల్లు మీదే కన్నుంచి, పెట్టె వైపు ఒక్కొక్క అడుగే వేస్తాడు. సోర్సు పూర్తిగా లోపలికి వచ్చిందని ముల్లు చెప్పాకే పెట్టెకు తాళం పడుతుంది. ఆ ముల్లు చూడకుండా నడిచినవాళ్ళు ప్రపంచంలో ఎన్నో చోట్ల వేళ్ళు పోగొట్టుకున్నారు.

తెల్లారేసరికి ఆ పెట్టె జీపెక్కి ఇంకో చోటికి పోతుంది. పెట్టెమీద లేబులు ఉంటుంది, అందులో ఏముంది, ఎంత ఉంది అన్నది రాసి ఉంటుంది. డ్రైవరు దగ్గర ట్రెమ్‌కార్డు ఉంటుంది. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలి, ఎవరికి చెప్పాలి అన్నది ఆ కార్డులో ఉంటుంది. రాత్రి చెక్‌పోస్టులో బండి ఆపిన పోలీసు ఈ రెండూ అడగగలిగితే, చదివి అర్థం చేసుకోగలిగితే, సగం పని అయినట్టే. పెట్టె పోయినా, దొంగల పాలైనా వెంటనే అణుశక్తి నియంత్రణ మండలికి చెప్పాలి, పోలీసుకు ఫిర్యాదు ఇవ్వాలి. కానీ ఫిర్యాదు రాసుకునే రైటరుకు ఈ పని గురించి ఎప్పుడూ ఎవరూ చెప్పకపోతే, కెమెరా పోయిందన్న మాట విని పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే కెమెరా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. చెప్పని మనదే తప్పు.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది ప్రతి పోలీసు శిక్షణ పాఠంలోనూ ఉండదగ్గది. మాయాపురి పెద్ద తుక్కు బజారు. అక్కడి దుకాణానికి ఒక పాత యంత్రం వచ్చింది. పనివాళ్ళు దాన్ని విప్పారు, సీసం కవచం ఊడదీశారు, లోపలి కోబాల్ట్-60 కడ్డీలు బయటపడ్డాయి. అవేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. కొద్దిరోజుల్లో దుకాణంలోవాళ్ళకు చర్మం నల్లబడింది, వాంతులు మొదలయ్యాయి. ఆస్పత్రి డాక్టర్లకు రేడియేషనేమోనన్న అనుమానం రావడంతో విషయం బయటికి వచ్చింది. నియంత్రణ మండలి, భాభా కేంద్రం, జాతీయ విపత్తు స్పందన దళం మనుషులు వచ్చి కడ్డీల్ని ఒక్కొక్కటే ఏరి తీశారు. ఒక కార్మికుడు చనిపోయాడు. మరికొందరు చావు అంచుదాకా వెళ్ళి వచ్చారు.

ఆ యంత్రం ఎక్కడిదో కనిపెట్టింది పోలీసులు. ఈ దుకాణానికి ఎవరమ్మారు, వాళ్ళకెవరమ్మారు అని ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ వెళ్ళి, ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగం దగ్గర ఆగారు. ఎన్నో ఏళ్ళుగా వాడకుండా ఒక గదిలో పడి ఉన్న గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో మామూలు తుక్కుగా వేలం వేశారు. రేడియేషన్ కొలవడం శాస్త్రవేత్తల పని. పాత ఇనుము ఎన్ని చేతులు మారిందో రాబట్టడం పోలీసుల పని, అది వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. ఒకరి పని ఒకరికి చేతకాదు. ఇద్దరూ కలిస్తేగాని ఆ కేసు తేలలేదు. అంతకు 23 ఏళ్ళ ముందు, 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో ఇలాగే మూతపడ్డ ఆస్పత్రి నుంచి సీజియం-137 తుక్కు దుకాణానికి చేరితే నలుగురు చనిపోయారు, లక్షమందికి పైగా జనాన్ని పరీక్షించవలసి వచ్చింది.

ఫౌండ్రీలున్న ఊరివాడిగా నన్ను వెంటాడేది ఇంకొకటి. 2008 అక్టోబరులో ఫ్రాన్సులో లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 కనబడింది. ఆ బటన్ల భాగాలు మన దేశం నుంచి వెళ్ళినవి. తుక్కులో కలిసిన సోర్సు కొలిమిలో కరిగిపోయి, ఉక్కుగా మారి, సముద్రాలు దాటింది. బటన్లు బిగించే ఫ్యాక్టరీలో ఇరవైమంది దాకా రేడియేషన్‌కు గురయ్యారు. మా దగ్గర పాత ఇనుము దుకాణాన్ని కాయలాన్ కడై అంటాం. కోయంబత్తూరు కొలిములకు మేత చాలావరకు అలాంటి దుకాణాల నుంచే వస్తుంది. విదేశీ తుక్కుకైతే రేడియేషన్ లేదన్న తనిఖీ పత్రం ఉండాలి. ఊళ్ళో సైకిలు మీద తిరిగి ఏరుకొచ్చిన తుక్కుకు ఏ పత్రం ఉంటుంది? ఆ దుకాణదారు ఎవరికైనా భయపడతాడూ అంటే అది బీటు పోలీసుకే. దొంగ సొత్తు ఉందేమోనని పోలీసు అక్కడికి ఎలాగూ వెళతాడు. వెళ్ళినప్పుడు రేడియేషన్ గుర్తు బొమ్మ ఒకటి గోడకు అంటించి, ఇది కనిపిస్తే ముట్టుకోకు, నాకు ఫోన్ చెయ్యి, నిన్నేమీ అననని చెప్పి వస్తే చాలు. ఆఖరి మాట ముఖ్యం. కేసు నామీదికి వస్తుందన్న భయం ఉన్నంతకాలం దుకాణదారు నోరు విప్పడు.

ఇక అసలైన అణుకేంద్రాల దగ్గరికి వద్దాం. గోడ లోపల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సి.ఐ.ఎస్.ఎఫ్.)ది, 1969లో పుట్టిన ఈ దళానికే దేశంలోని అణు, అంతరిక్ష సంస్థల రక్షణ అప్పగించారు. గోడ బయట అడుగు పెడితే జిల్లా ఎస్.పి. గారి హద్దు. ప్రమాదం జరిగి రేడియేషన్ బయటికి వస్తే జిల్లా కలెక్టరు పెత్తనం. కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళిక అమల్లో ఉంటుంది. జనాన్ని తరలించడం, రోడ్లు ఆపడం, పుకార్లు అణచడం పోలీసుల వంతు. అందుకోసం మాక్ డ్రిల్లు చేస్తారు. అవి జరుగుతున్నాయి, మంచిదే. కానీ సాంబారు అన్నం పొట్లాలు, ఫొటోలు, పత్రికా ప్రకటనతో ముగిసే డ్రిల్లు వల్ల లాభం లేదు. లోపలి కమాండెంటుకూ బయటి స్టేషను సి.ఐ.కీ ఒకరి ముఖం ఒకరికి తెలిసిందా, ఒకరి వైర్‌లెస్ మాట ఒకరికి వినపడిందా అన్నదే నేను అడిగే ప్రశ్న.

ప్రతి అణుదేశమూ తన కేంద్రాలు ఎలాంటి దాడిని తట్టుకోవాలో ముందే లెక్క కట్టి రాసి ఉంచుకుంటుంది. ఎంతమంది రావచ్చు, ఏ ఆయుధాలతో రావచ్చు, లోపలి మనిషి సాయం ఉంటుందా అన్నవన్నీ అందులో ఉంటాయి. అది రహస్యం, రహస్యంగానే ఉండాలి. ఆ లెక్కకు ముడిసరుకు మాత్రం ఊళ్ళల్లో తిరిగే పోలీసుల నుంచి, నిఘా విభాగం నుంచే రావాలి. ఇంజనీరు తన గదిలో కూర్చుని ఊహించగలిగేది కాదు.

పోలీసు వెరిఫికేషన్ సంగతి చూడండి. కేంద్రంలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి గేటు పాసు కావాలంటే నడవడి గురించి పోలీసు నివేదిక కావాలి. ఆ కార్మికుడిది శ్రీకాకుళం జిల్లా అయితే, ఆ కాగితం అతని సొంత మండలం స్టేషనుకు వెళుతుంది. అక్కడి కానిస్టేబులు వీధిలోకి వెళ్ళి, ఇరుగుపొరుగును అడిగి, సంతకం పెట్టాలి. అంటే సముద్రపు ఒడ్డున కూడంకుళం గేటుకు సగం తాళం శ్రీకాకుళం కానిస్టేబులు చేతిలో ఉంది. అది ఆయనకు ఎవరైనా చెప్పారా? పాసుపోర్టు కాగితంలాగే ఇదీ ఒకటని మీదపడ్డ వందల కాగితాల మధ్య ముద్ర కొట్టేస్తే తప్పెవరిది? నేను పోలీసుల్ని నిందించడం లేదు. వాళ్ళకున్న బరువులో ఈ కాగితం బరువెంతో విప్పి చెప్పమంటున్నాను.

లోపలి మనిషి వల్ల వచ్చే ముప్పు అన్నిటికంటే కష్టమైనది. 2014 ఆగస్టులో బెల్జియంలోని డోయెల్ అణుకేంద్రంలో ఎవరో కావాలనే ఒక వాల్వు తెరిచి, టర్బైనుకు చేరవలసిన నూనెనంతా వదిలేశారు. టర్బైను దెబ్బతింది, నెలల తరబడి కేంద్రం ఆగిపోయింది. చేసింది లోపలికి వెళ్ళే అనుమతి ఉన్నవాళ్ళేనని తేలింది, మనిషి మాత్రం దొరకలేదు. మరుసటి ఏడు పారిస్ దాడుల దర్యాప్తులో అదే దేశపు పోలీసులు ఒక ఇల్లు సోదా చేస్తే వీడియో ఒకటి దొరికింది. అణు పరిశోధన సంస్థలో పనిచేసే ఒక అధికారి ఇంటి ముందు రహస్య కెమెరా పెట్టి ఆయన రాకపోకలు తీశారు. ఉగ్రవాద కేసుకోసం వెళ్ళిన పోలీసుకు ఆ వీడియోలో ఉన్నది ఎవరో పోల్చుకోవడమే పెద్ద పని. అణుసంస్థకూ పోలీసుకూ పరిచయం లేని చోట అలాంటి వీడియో సాక్ష్యాల గదిలో దుమ్ము పట్టి ఉండేది.

మన కల్పాక్కంలోనూ 2014లోనే, అక్టోబరు 8న, కాపలా దళానికి చెందిన ఒక హెడ్ కానిస్టేబులు తన తుపాకీతో ముగ్గురు సహచరుల్ని కాల్చి చంపాడు, ఇద్దరు గాయపడ్డారు. అణుకేంద్రం యంత్రాలకు ఏమీ కాలేదు. కానీ భద్రత అంటే బయటివాడిని ఆపడమే అనుకునేవాళ్ళు ఆ ఉదయాన్ని మరిచిపోకూడదు. కాపలా మనిషికి సెలవు దొరుకుతోందా, నిద్ర ఉందా, మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక అధికారి ఉన్నాడా అన్నవి కూడా అణుభద్రతలో భాగమే. ముళ్ళకంచెకు ఖర్చు పెట్టినంత తేలిగ్గా దీనికి మనం ఖర్చు పెట్టం.

అలాగని ఆ ఖర్చు ఒక్కటే మనల్ని కాపాడదు. అమెరికాలో 2012 జులైలో టెనెసీ రాష్ట్రంలోని వై-12 అణ్వాయుధ కేంద్రంలోకి ముగ్గురు శాంతి ఉద్యమకారులు కంచెలు కత్తిరించుకుని వెళ్ళారు. వాళ్ళలో ఒకరు 82 ఏళ్ళ క్రైస్తవ సన్యాసిని. బాంబులకు వాడే యురేనియం దాచిన భవనం గోడదాకా వెళ్ళి, దానిమీద నినాదాలు రాశారు. సైరన్లు మోగాయి. కానీ జంతువులు తగిలి రోజూ మోగే సైరన్లే కాబట్టి ఎవరూ ఉలిక్కిపడలేదు. కొన్ని కెమెరాలు పాడైపోయి ఉన్నాయి. కాపలాకు అంత డబ్బు పెట్టిన చోట జరిగింది ఇది.

దూరాన ఉన్నా కూడంకుళం మా దక్షిణాది తెలుగువాళ్ళకు ఇంటి సంగతి. అక్కడి కరెంటు మా పంపు సెట్లకూ వస్తుంది. కోయిల్‌పట్టి, సాత్తూరు, మదురై పక్కల మా చుట్టాలున్న ఊళ్ళు ఆ దారిలోనే ఉన్నాయి. 2019 అక్టోబరు చివర, కూడంకుళం కంప్యూటర్లలో డీట్రాక్ అనే దొంగ సాఫ్ట్‌వేరు చొరబడిందన్న వార్త సామాజిక మాధ్యమాల్లో గుప్పుమంది. అలాంటిదేమీ లేదని అణుకేంద్రం మొదట ప్రకటించింది. మర్నాడు, అక్టోబరు 30న, నిజమేనని అణు విద్యుత్ సంస్థ ఒప్పుకుంది. పరిపాలన పనులకు వాడే, ఇంటర్నెట్టుకు తగిలించిన కంప్యూటరులో అది దొరికిందని, రియాక్టరును నడిపే వ్యవస్థకు దానికీ లంకె లేదని చెప్పింది. సైబర్ అత్యవసర సంస్థ సెర్ట్-ఇన్ ఈ సంగతిని సెప్టెంబరు 4నే తెలియజేసిందట. రియాక్టరుకు ఏమీ కాకపోవడం ఊరట. కానీ ఒక రోజు తేడాతో కాదు అని, అవును అని చెప్పడం వల్ల పోయిన నమ్మకం ఏ సాఫ్ట్‌వేరుతోనూ తిరిగి రాదు. మొదటి పూటే ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే జనం ఇంకాస్త నిబ్బరంగా ఉండేవాళ్ళు.

అక్కడి మత్స్యకారుల సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత ఇడిందకరై ఊరు కేంద్రంగా కూడంకుళానికి వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం లేచింది. నిరసనకారుల్లో వేలమందిమీద రాజద్రోహం కేసులు పెట్టారు. 2012 సెప్టెంబరు 10న సముద్రపు ఒడ్డున పోలీసులు లాఠీలు ఝళిపించారు, బాష్పవాయువు వదిలారు. అదే రోజు మణప్పాడులో పోలీసు కాల్పుల్లో ఒక మత్స్యకారుడు చనిపోయాడు. 2013 మే 6న సుప్రీంకోర్టు కూడంకుళం కేంద్రం నడవడానికి అనుమతిస్తూనే, నిరసనకారులమీద కేసులు ఎత్తేసే ప్రయత్నం చెయ్యమని కూడా చెప్పింది.

అణు విద్యుత్తు కావాలా వద్దా అన్నది నేను ఇప్పుడు తేల్చబోవడం లేదు. నేను చూస్తున్నది భద్రత వైపు నుంచి. ఆ తీరంలో తెలియని పడవ కనిపిస్తే మొదట చూసేది ఎవరు? తెల్లవారుజామున వలలు వేసే మత్స్యకారుడే. 2008 ముంబై దాడుల తర్వాత సముద్రపు కాపలాకు జాలరులే కళ్ళూ చెవులూ అని ప్రభుత్వమే చెబుతూ వచ్చింది. తీర భద్రతకోసం చేసే సాగర్ కవచ్ విన్యాసాల్లోనూ వాళ్ళ సాయం అడుగుతున్నారు. ఒక చేత్తో రాజద్రోహి అని రాసి, ఇంకో చేత్తో నా కళ్ళు నువ్వేనంటే ఆయన ఎలా నమ్ముతాడు? బెదిరిన ఊరు పోలీసుకు కబురు చెప్పదు. కేంద్రం పక్కనున్న ఊరితో వైరం పెట్టుకున్న పోలీసు, ఆ కేంద్రానికి ఎంత కాపలా కాసినా అది కుంటి కాపలానే. ఈ మాట నేను గట్టిగా అంటాను.

2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి చట్టాన్ని ఆమోదించింది. 1962 నాటి అణుశక్తి చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టంతో ప్రైవేటు కంపెనీలకూ అణు విద్యుత్ రంగంలో తలుపు తెరుచుకుంది. ఇన్నాళ్ళూ ప్రభుత్వ సంస్థలే, ఒకే కాపలా దళం. రేపు యజమానులు పెరుగుతారు, గేట్లు పెరుగుతాయి. ఆంధ్రలో కొవ్వాడ అణుకేంద్రం ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉంది. కొత్త కేంద్రానికి పునాది రాయి పడకముందే ఆ మండలం స్టేషనుకు శిక్షణ మొదలు కావాలి. దాని ఖర్చు యజమాని భరించాలి. శిక్షణ మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. పోలీసు యజమాని జీతగాడిలా కనిపించిన రోజున ఇడిందకరై కథే మళ్ళీ మొదటికొస్తుంది.

అణుకేంద్రం లేని మా జిల్లాలో చెయ్యవలసింది ఇంకా తేలిక. కోయంబత్తూరు కాన్సరు ఆస్పత్రుల్లో రేడియేషన్ భద్రతాధికారులు ఉన్నారు. ఫౌండ్రీలకు రేడియోగ్రఫీ చేసే సంస్థల్లోనూ ఉన్నారు. ఏడాదికి ఒక పూట వాళ్ళు మా పక్క స్టేషన్లకు వచ్చి, పెట్టె చూపించి, మీటరు చేతికిచ్చి, లేబులు చదివించి వెళ్ళాలి. ఆ మీటర్లు చేసే సంస్థా మనదే: హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్., 1967లో ఏ.ఎస్. రావు గారు నిలబెట్టినది. సబ్‌డివిజనుకు ఒకటైనా ఇస్తే ప్రభుత్వం చితికిపోదు.

వింటున్న మీకు నాలుగు ముక్కలు చెప్పి సెలవు తీసుకుంటాను. పసుపు మీద మూడు రెక్కల గుర్తు గానీ, ఎర్ర త్రికోణంలో పుర్రె బొమ్మా పరుగెత్తే మనిషి బొమ్మా ఉన్న గుర్తు గానీ ఏ పెట్టెమీద, ఏ లోహపు ముక్కమీద కనిపించినా ముట్టుకోకండి, విప్పకండి, జేబులో వేసుకోకండి. పిల్లల్ని దూరం తీసుకుపోండి. ఇంకెవరూ దగ్గరికి రాకుండా చూసి, 112కు ఫోన్ చేసి, గుర్తు ఎలా ఉందో, వస్తువు ఎక్కడుందో చెప్పండి. చేత్తో పట్టుకుని ఉంటే ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఎవరైనా ఇంటికొచ్చి ఇరిడియం చెంబుందని, పరీక్షకు డబ్బు కట్టమని అంటే, చెంబు సంగతి తర్వాత, ముందు వాళ్ళ బండి నంబరు రాసుకుని పోలీసు స్టేషనులో ఇవ్వండి.